అట్రాజిన్ ఎంగిలి

మా తాతగారి పంక్తిలో రోజూ ఎంతమంది తినేవారో ఆయనకే తెలియదు. ఆస్తి కరిగిపోయింది గానీ నా వెన్ను వంగలేదు. ఆ వెన్నుతోనే, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, న్యూజిలాండ్‌లో ఆక్లండ్‌లోని ఒక మట్టి ల్యాబ్‌లో గాజు సామాను కడిగే ఉద్యోగంలో చేరాను. చుట్టాలకు మాత్రం ప్రయోగశాల నిర్వహణ అని చెప్పాను. అబద్ధమేమీ కాదు. నేను కడగకపోతే అక్కడ సైన్సు ఆగిపోతుంది.

కడిగినా ఆగిపోతుందని తర్వాత తెలిసింది.

అక్కడ వరంగల్ అమ్మాయి ఒకతె పీహెచ్‌డీ చేస్తుండేది. నన్ను ఆంటీ అనేది. మా ఊళ్లో అమ్మగారు అనేవారని రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ "సరే ఆంటీ" అంది. అట్రాజిన్ అనే కలుపుమందును తినే బ్యాక్టీరియాను పట్టుకోవడం ఆమె పని. తిండికి ఆ మందులోని నత్రజని తప్ప వేరేది లేని నీళ్లలో చిటికెడు మట్టి వేసి, వారానికోసారి పాత ఫ్లాస్కులోంచి కాస్త తీసి కొత్తదాంట్లో వేసేది. మందు తినలేనివి వెనకబడిపోయేవి, తినగలిగినవి పెరిగేవి. తిన్నదాంట్లోంచి తీసి మళ్లీ వడ్డించడాన్ని మా ఇంట్లో ఎంగిలి అంటారు. చూసినప్పుడల్లా ఒళ్లు జలదరించేది.

ఒక శుక్రవారం ఆ ఫ్లాస్కు మసకగా, అడుగున మడ్డితో, ముక్కవాసన కొడుతూ కనిపించింది. మీద పేరు కూడా లేదు. పాసిపోయిన గిన్నెను మా ఇంట్లో క్షణం ఉంచరు. ఆవిరి యంత్రంలో ఉడికించి, తళతళలాడేలా తోమి బోర్లించాను.

సోమవారం ఆ అమ్మాయి వచ్చి ఫ్లాస్కు ఏదని అడిగింది. పాడైపోతే కడిగేశానన్నాను.

"అది కరాబ్ కాలేదు ఆంటీ. అదే నా పీహెచ్‌డీ."

ఫ్రీజర్‌లో కొంత దాచుకుందామనుకుంటూనే దాచలేదట. తెచ్చిన మట్టీ అయిపోయింది. ఆరు వారాల్లో ప్రొఫెసర్‌కి ఫలితం చూపించకపోతే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. ఆ మట్టి ఊరి చివర పాపకూర అనే పేట అవతల ఒక మొక్కజొన్న రైతుది. పోయినసారి ఈ పిల్ల గేటు వెయ్యడం మరిచిపోతే ఆయన గొర్రెలు చేలో పడ్డాయి. మళ్లీ అడుగు పెట్టొద్దన్నాడు.

తప్పు ఒప్పుకునే అలవాటు మా వంశంలో లేదు. అడుక్కునే అలవాటు అసలే లేదు. రెండూ ఒకే రోజు చేశాను. పొద్దున ప్రొఫెసర్ దగ్గర, మధ్యాహ్నం రైతు దగ్గర.

గంజి పెట్టిన చీర, కింద గమ్‌బూట్లు. అమ్మాయిని కారులోనే కూర్చోబెట్టాను. గేటు వేసి, గొళ్లెం పడిందో లేదో రెండుసార్లు లాగి చూశాను. రెండోసారి లాగింది వరండాలోంచి ఆయన చూస్తున్నాడని.

మట్టి సంగతి ఎత్తగానే ఆయన కలుపు సంగతి ఎత్తాడు. మందు పనిచెయ్యడం లేదు, షాపువాడు నీళ్లు కలుపుతున్నాడని ఆయన అనుమానం.

"నీళ్లు కాదు," అని దారిలో అమ్మాయి చెప్పింది అప్పజెప్పాను. "ఏటా అదే చేలో అదే మందు కొడుతున్నారు. మీ మట్టిలో దాన్ని తినేవి చేరాయి. కలుపు చచ్చేలోపే అవి భోంచేసేస్తున్నాయి."

"అంటే ఇన్నేళ్లూ నేను వాటిని మేపుతున్నానా?"

మా తాతగారూ అలాగే మేపారని చెప్పాను. తిన్నవాళ్లు ఏమయ్యారని అడిగాడు.

"వాళ్లు బాగానే ఉన్నారు. నేనే ఇలా వచ్చాను."

నవ్వాడు. లోపలికెళ్లి పార తెచ్చి నా చేతికిచ్చాడు. బురదలో మోకాళ్ల మీద కూర్చుని సంచి నిండా తవ్వుకున్నాను.

తిరిగొస్తుంటే అమ్మాయి డ్రైవ్ చేస్తూ చెప్పింది, ఆ మందు తినే విద్యను బ్యాక్టీరియా తమ పిల్లలకు మాత్రమే ఇచ్చి ఊరుకోవట. "పక్కన ఎవరుంటే వాళ్లకి ఇచ్చేస్తయ్ ఆంటీ. సుట్టం కాకున్నా." వారసత్వాన్ని దారినపోయేవాడి చేతిలో పెట్టడం ఏం పద్ధతన్నాను.

"అందుకే బతుకుతున్నయ్," అంది.

అయిదో వారంలో నన్ను పిలిచి ఒక ప్లేటు చూపించింది. మందు కలిపిన జిగురు పాలలా తెల్లగా ఉంది. దానిమీద ఆవగింజలంత చుక్కలు. ఒక్కో చుక్క చుట్టూ గుండ్రంగా, తిన్నంతమేరా, అద్దంలా తేటపడింది. అంత శుభ్రంగా నేను ఏనాడూ తోమలేదు.

అది చూశాక ప్రొఫెసర్ ఆమె స్కాలర్‌షిప్ కొనసాగించమని రాశారు. ఆ సాయంత్రమే కొత్త ఫ్లాస్కు మీద తెలుగులో ఒక కాగితం అంటించి ఉంది. "అమ్మగారూ, కడగకండి."

ఫ్లాస్కు ముక్కవాసన కొడుతోంది. దాన్ని అలాగే ఉంచి, మిగతావి కడుక్కున్నాను.