రొద లేని గిటారు

గిటారు మాస్టారు ఏ గదిలో వాయించవలసి వచ్చినా ముందు కుర్చీని మెల్లగా చుట్టూ తిప్పుతారు. తీగల నాదాన్ని అందుకోవలసిన ఆయన గిటారులోని పాత పికప్పులు గదిలోని కరెంటు రొదనూ పట్టుకుంటాయి. ఏదో ఒక్క దిక్కున మాత్రమే అది సన్నగిల్లుతుంది. ఆ దిక్కు దొరికాకే ఆయన తీగ మీటుతారు. అలవాటు ముదిరి, ఇంట్లో భోజనానికి కూర్చున్నా కుర్చీ గోడవైపు తిరుగుతుంది. "నా ముఖానిక్కూడా రొద ఉందా ఏమిటి?" అని భార్య వేళాకోళం చేస్తుంది.

"ఏమనుకోకండి మాస్టారూ, ఈ రొద ఇలాగే ఉంటే వేరేవాళ్లని పిలవాల్సొస్తుంది," అని స్టూడియో ఇంజినీరు అన్ననాటి నుంచి ఆయన కొత్త పికప్పుల వేటలో పడ్డారు. ఒకటి నిశ్శబ్దమే గాని మొద్దు. మరొకటి చురుకైనదే గాని గొణుగుతుంది. చివరికి మెత్తని పాటకూ జోరు పాటకూ ఒదిగే, రొద పట్టని జతను ఎంచుకొని, తానే టంకం పెట్టి బిగించుకున్నారు.

ఈ రోజు వాయించినదాన్ని ఇంజినీరు తిరిగి వినిపించాడు. రొద లేదు. "బ్రహ్మాండం మాస్టారూ! కానీ మధ్యలో ఆ చిటపటేంటి? వైరేమైనా వదులైందా?"

మాస్టారు ఎడమచేతిని ఒళ్లో దాచుకున్నారు. ఆ వేళ్లు కొంతకాలంగా వణుకుతున్నాయి. తీగ మీద అవి చేసే చప్పుడు ఇన్నాళ్లూ ఆయన చెవిన కూడా పడకుండా ఆ రొదే కప్పిపుచ్చింది.

"ఉండు బాబూ, చూస్తాను," అన్నారు. మళ్లీ మీటుతూ, కుర్చీని మెల్లగా ఒక్కొక్క గోడవైపే తిప్పసాగారు.