రంగూన్‌లో మావ ఇల్లు

మావా అని పిలిచేవాణ్ణి గాని, ఆయన మాకు చుట్టం కాడు. బర్మా సర్కారు మనవాళ్లను పంపేసినప్పుడు రంగూన్ నుంచి ఓడలో వచ్చి, నెల్లిమర్ల జూట్ మిల్లులో నాతోపాటు పనికి చేరాడు. అత్తతో కలిసి మా పక్కవాటాలోనే ఉండేవాడు.

రంగూన్‌లో కొన్న ఇంటి మాట వస్తే చాలు, వేలితో నేలమీద దాన్ని గీసేవాడు. మూడు మెట్లు, చెక్క వరండా, వెనక బావి. గీశాక అరచేత్తో తుడిచేసేవాడు. పరాయిదేశం వాళ్ల పేర రిజిస్ట్రీ చెయ్యరని బర్మా స్నేహితుడి పేరున కొన్నాడట. "పేరు ఆల్ది, ఇల్లు మాది" అనేవాడు.

ఇక్కడికొచ్చిన నాలుగేళ్లకు ఆ స్నేహితుడి భార్య ఉత్తరం రాసింది. బర్మా లిపి మావకొక్కడికే వచ్చు. రెండుసార్లు చదివి, జవాబు రాసి, పోస్టాఫీసుకు నన్ను తోడు రమ్మన్నాడు. దారిలో చెప్పాడు.

"ఆయన పోనాడట. పిల్లల్తో కష్టంగా ఉన్నాది, అన్నా, ఇల్లు అమ్ముకోనా? నువ్వొద్దంటే అమ్మనని రాసింది. అమ్ముకో అమ్మా, ఆ డబ్బు నీదే అని రాసీసినాను."

"బాధగా లేదా మావా?"

"ఏటో రా. ఏటీ తెల్డం నేదు."

ఉత్తరం డబ్బాలో పడ్డాక కూడా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నేనే భుజం పట్టుకుని కదిపాను.

ఇంటికొచ్చేసరికి అత్త వాకిట్లో బియ్యం ఏరుతోంది.

"ఏటి రాసినారు?"

"పిల్లలు బాగున్నారట."

"మరి మనిల్లో?"

మావ నావైపు చూడలేదు. "ఉన్నాది" అన్నాడు.

"ఈసారెల్తే వంటగదికి ఇంకో కిటికీ పెట్టించాల" అంది అత్త.

"పెట్టిద్దాంలే" అన్నాడు మావ.