గుడ్డ కట్టిన సొరకాయ

మొన్న ఆదివారం మా అమ్మాయి ఫోన్‌లో తెప్పించిన ఆరు నల్లటి సంచులూ, కొబ్బరి పొట్టు ఇటుకలూ, నాలుగు గింజల పొట్లాలూ తెచ్చి, ఇంక కాలక్షేపానికి లోటు లేదని నా ముందు పరిచింది. మియాపూర్‌లో పదకొండో అంతస్తులో ఉంటున్న మాకు ఆ రెండు బారల బాల్కనీయే పెరడు కాబట్టి నేనూ సంతోషించాను. తీరా కళ్లజోడు పెట్టుకుని సొర పొట్లం వెనకనున్న చిన్న అక్షరాలు చదివితే, ఈ కాయల్లో వచ్చే గింజలు మళ్లీ విత్తుకోవడానికి పనికిరావనీ, ప్రతిసారీ కొత్తవి కొనుక్కోవాలనీ ఉంది. అమ్మాయికి అందులో వింతేమీ కనబడలేదు. నాకు మాత్రం పాతికేళ్ల కిందటి డాబా ఒకటీ, దాని మీద నీలం డ్రమ్మూ, ఆ డ్రమ్ము పక్కన మోకాళ్లు పట్టుకుని కూర్చున్న పెద్దావిడా గుర్తుకొచ్చారు.

అప్పట్లో మేం నిజాంపేటలో ఒక డాబా మీది గదిలో అద్దెకుండేవాళ్లం. మావారికి జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. నాకేమో మాదాపూర్‌లో అప్పుడప్పుడే లేస్తున్న అద్దాల మేడల్లో ఒకదానిలో, కుర్రాళ్లు రాసే ప్రోగ్రాముల గురించి నలుగురికీ అర్థమయ్యేలా పుస్తకాలు తయారుచేసే పని. గోదావరి పక్కన పెరిగినదాన్ని, కూరకు రెండు రెమ్మల కరివేపాకు కావాలన్నా సంచీ పుచ్చుకుని బజారుకు వెళ్లాల్సి రావడం నాకెందుకో నామోషీగా ఉండేది. అందుకని రంగు డబ్బాలూ, పగిలిన బకెట్లూ, పళ్ల దుకాణం వాడు పారేసే ధర్మాకోల్ పెట్టెలూ చేరదీసి తోట మొదలుపెట్టాను. రసాయనాల డ్రమ్ములు చవగ్గా దొరికేవి కానీ మావారు వాటిని గడప తొక్కనివ్వలేదు, వాటిలో ఏముండేదో ఆయనకు తెలుసు మరి. చివరికి బిస్కెట్ల ఫ్యాక్టరీలో నూనె వాడేసిన నీలం డ్రమ్ము ఒకటి సంపాదించి, అడ్డంగా కోయించి, సబ్బునీళ్లతో మూడుసార్లు కడిగి ఇచ్చారు.

నిజం చెప్పాలంటే నాకు ఆత్రం ఎక్కువ, తెలివి తక్కువ. ధనియాలు నలపకుండా చల్లి, మొలకలు రాలేదని కొట్టువాణ్ణి తిట్టుకునేదాన్ని. పొద్దున బస్సుకు వెళ్లేముందోసారి, సాయంత్రం వచ్చాకోసారి నీళ్లు పోసి పోసి మిరప మొక్కల్ని చేజేతులా కుళ్లబెట్టాను. అదంతా కింద నుంచి కనిపెడుతున్న ఇంటావిడ ఒకనాడు మెట్లెక్కి వచ్చి, "ఏంది బిడ్డా, గిట్ల నీళ్లు పోస్తే మొక్క బతుకుతదా?" అని, డబ్బాల అడుగున తనే మేకుతో చిల్లులు పొడిచింది. ఆవిణ్ణి మేమందరం పెద్దమ్మ అనేవాళ్లం. ఆ ఊళ్లోనే పుట్టి, ఆ ఊళ్లోనే మెట్టి, అక్కడి మట్టిలోనే బతికిన మనిషి. వాళ్ల పొలం ముక్క ముక్కగా ఇళ్ల స్థలాలైపోగా, చివరికి మిగిలింది ఇంటి వెనక కూరగాయలు పండించే కాస్త చెలక.

మేం చేరిన మరుసటి ఏడు కొడుకులు అదీ అమ్మేశారు. పునాదులు తవ్వే యంత్రం రావడానికి రెండు రోజుల ముందు పెద్దమ్మ ఆ చెలక మట్టిని తట్టకెత్తుకుని, మెట్టుకోసారి ఆగుతూ డాబా మీదికి మోసుకొచ్చింది. సాయం పడతానంటే ఒప్పుకోలేదు. అలా ఎన్నిసార్లు దిగి ఎక్కిందో, నా డ్రమ్ము నిండింది. తర్వాత కొంగు ముడి విప్పి నాలుగు సొర గింజలు చూపించింది. వాళ్ల అత్తగారి చేతినుంచి తన చేతికి వచ్చిన విత్తనమట. ఏటా వేయడం, ఏటా తీసి బూడిదలో దాచడం. కిందటేడు స్థలం కొలతల గొడవలో విత్తడం కుదరలేదు, దాచినవాటిలో పురుగు తినగా మిగిలినవి ఆ నాలుగే. చుట్టూ మేడలు లేచి కింద ఆవిడ వాకిట్లో ఎండే పడేది కాదు, రోజూ మెట్లెక్కడానికి మోకాళ్లు సహకరించేవి కావు. "ఈ ఒక్క ఏడు నీ కాడ పెరగనియ్యి బిడ్డా, గింజ వస్తే సాలు" అంది. నేను తలూపాను. ఆవిడకు కావలసింది కాయ కాదు, గింజ అన్న సంగతి చెవిన పడిందే తప్ప బుర్రకెక్కలేదు.

నాలుగింటిలో రెండు మొలిచాయి. ఒకదాన్ని పావురాలు పొడిచేశాయి. మిగిలిన ఒక్కటీ నా బట్టల తీగల మీదికి పాకి, డాబా సగం పచ్చగా కప్పేసింది. ఆ మేడల మధ్యకు తేనెటీగలూ రెక్కల పురుగులూ రావు కదా, పిందెలు నిలవకుండా రాలిపోతుంటే, పొద్దు వాలాక విచ్చే ఆ తెల్లటి మగపువ్వును తెంపి ఆడపువ్వుకు అద్దాలని పెద్దమ్మే నేర్పింది. ఆఫీసు నుంచి వస్తూనే మెళ్లో గుర్తింపు కార్డు కూడా తియ్యకుండా పూల పెళ్లిళ్లు చేస్తుంటే, మావారు నన్ను పురోహితుడని వెక్కిరించేవారు. కాయ నిలిచింది. నునుపుగా, వంకర లేకుండా, చూస్తుంటే నా చేతులమీదుగా పుట్టిందని తెగ మురిసిపోయేదాన్ని. ఒకనాడు పెద్దమ్మ కష్టపడి పైకొచ్చి, ఆ కాయను అటూ ఇటూ తిప్పి చూసి, పాత చీర చింపిన ఎర్రగుడ్డ పేలిక తొడిమకు కట్టింది. నేనది దిష్టికనుకున్నాను. ఆ మర్నాడే కూతురి పురిటికని ఆవిడ మేడ్చల్ అవతలి ఊరికి వెళ్లిపోయింది.

వారం తిరిగేసరికి మా ఆఫీసులో నలుగురు ఆడపిల్లల్ని భోజనానికి పిలిచాను. తోట చూపించాలన్న గొప్ప కూడా ఉందిలెండి. ఆ పొద్దున కాయ మీద గోరు గుచ్చి చూస్తే కాస్త బలవంతంగా దిగింది. ఇంకో రెండు రోజులాగితే ముదిరి కూరకు పనికిరాకుండా పోతుంది, పాపం పెద్దమ్మ ఊళ్లో లేదు, పాడుచేయడం దేనికని కోసేశాను. గుడ్డ మాత్రం పారేయకుండా మరో పిందెకు కట్టాను, దానికీ దిష్టి తగలకూడదని! పాలుపోసి కూర చేశాను. లోపలి గింజలు లేతగానే ఉన్నాయని తీయకుండానే ముక్కలతో పాటు వేసేశాను. ఇంత రుచి ఎక్కడా తినలేదని పిల్లలు గిన్నె ఊడ్చేశారు. కింద పెద్దమ్మగారి కోడలికి కూడా ఒక గిన్నెడు పంపాను.

తర్వాత ఆకుల మీద బూడిద తెగులు పాకింది. పసుపు చల్లాను, పుల్లమజ్జిగ చల్లాను, ఏదీ పనిచేయలేదు. ఉన్న పిందెలు ఒక్కొక్కటే రాలాయి. పెద్దమ్మ తిరిగి వచ్చి పైకెక్కేసరికి, వడలిపోయిన బొటనవేలంత పిందెకు ఎర్రగుడ్డ వేలాడుతోంది. ఆవిడ ఆ గుడ్డను చేత్తో పట్టుకుని చూసింది. ఆ తర్వాత డ్రమ్ము పక్కన కూర్చుని, మోకాళ్లు పట్టుకుని, "తిన్నరా బిడ్డా? మంచిగుండెనా?" అనడిగింది.

చాలా బాగుందని చెప్పాను. ఆ మాట తలచుకుంటే నాకు ఈనాటికీ సిగ్గేస్తుంది.

అప్పుడు నెమ్మదిగా చెప్పింది. తీగకు కాసిన మంచి కాయను గింజకు విడిచిపెడతారనీ, ఎవరూ తెంపకుండా గుర్తుకు గుడ్డ కడతారనీ, అది తీగ మీదే ఎండి, లోపల గింజలు గలగలమన్నాకే కోస్తారనీ. వాళ్ల ఊళ్లో చిన్నపిల్లలక్కూడా తెలిసిన సంగతి కాబట్టి నాకు ప్రత్యేకంగా చెప్పాలని ఆవిడకు తోచలేదు. నాకు దుఃఖం ఆగలేదు. ఎక్కడైనా అలాంటి గింజే వెతికి తెస్తానంటే అడ్డంగా తలూపి, "ఇగ పోనియ్ బిడ్డా, పరేషాన్ గాకు. నీకు చెప్పకపోవుడు నాదే తప్పు" అని నా కళ్లు తన కొంగుతోనే తుడిచింది. ఆ కొంగుకు ముడి లేదు.

చాలాచోట్ల వెతికాను. సంతల్లో దొరికినవేవీ అది కాదంది. కొన్నాళ్లకు మేం ఇల్లు మారాం, పెద్దమ్మ కూడా ఇప్పుడు లేదు. ఆ చెలక ఉన్నచోట ఓ పెద్ద మేడా, దాని కింద కార్లు నిలిపే రెండు అంతస్తులూ ఉన్నాయి. ఎన్ని ఇళ్లు మారినా ఆ డ్రమ్ములోని మట్టిని మాత్రం సంచులకెత్తి వెంట తెచ్చుకున్నాను. ఇప్పుడు ఇలా తలుపు తీస్తే అలా అన్నీ ఇంటికొస్తాయి. ఎరువూ, మట్టీ, మొలిచిన మొక్కా కూడా. మంచిదే, నా మోకాళ్లకూ అదే సుఖం. కానీ వచ్చే ఏటికని ఒక కాయను తినకుండా వదిలే అవసరం ఎవరికీ లేకపోయింది.

అమ్మాయి తెచ్చిన సంచుల్లో కొబ్బరి పొట్టుతో పాటు ఆ మట్టీ తలా దోసెడు కలిపి గింజలు నాటాను. కాయలు కాస్తే మొదటి మంచి కాయకు గుడ్డ కడతాను. దాని గింజ పనికిరాదని పొట్లం మీద రాసే ఉంది, నేను చదివాను కూడా. అయినా కడతాను. దిష్టికా అని అమ్మాయి అడుగుతుంది. కాదమ్మా, నాలాంటివాళ్లు కొయ్యకుండా అని చెబుతాను.