ట్రంకు లైన్లో ఈలలు

1988 చెరకు సీజనులో నన్ను జహీరాబాద్‌లోని ఒక చక్కెర కర్మాగారంలో అసిస్టెంట్ ప్రోగ్రామర్‌గా వేశారు. ఆ కర్మాగారానికి కంప్యూటర్ అమ్మింది హైదరాబాద్‌లోని మా కంపెనీ. దాన్ని నడిపే బాధ్యతా మాదే. మా చీఫ్ రామనాథం గారికి ఆ ఏడాది కొత్త ఉత్సాహం పుట్టింది. చిన్న మరమ్మతుకు కూడా మనిషి బస్సెక్కి పోవడమెందుకు, హైదరాబాద్‌లో తన బల్ల ముందు కూర్చునే జహీరాబాద్ యంత్రాన్ని నడపవచ్చు కదా అన్నారు. రెండు చోట్లా మోడెమ్‌లు పెట్టించారు. కంప్యూటర్ అక్షరాలను ఈలల్లాంటి మోతగా మార్చి టెలిఫోన్ తీగ మీద పంపే పెట్టె అది. ఆయన అక్కడ కొట్టిన ఆదేశాన్ని ఇక్కడి యంత్రం పాటిస్తుంది. సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ మాత్రం ఆయన ఒక్కరి దగ్గరే ఉండేది. యంత్రం పక్కన కూర్చునే నాకు ఇవ్వలేదు.

ఆ టెలిఫోన్ లైనుతోనే వచ్చింది తంటా. హైదరాబాద్‌కు ట్రంకు కాల్ బుక్ చేసి, అది ఎప్పుడు కలుస్తుందా అని కాచుకుని కూర్చోవాలి. కలిశాక ఆయన నాలుగు ఆదేశాలు కొట్టేలోపే లైన్ తెగేది, తెర నిండా పిచ్చి అక్షరాలు పడేవి. రోజూ ఇదే వరస కావడంతో విసిగిపోయి ఊళ్లోని టెలిఫోన్ ఎక్స్ఛేంజికి వెళ్లాను. కాల్స్ కలిపే బోర్డు దగ్గర నసీమా బేగం అనే ఆపరేటరు ఉన్నారు.

"మాట్లాడుతున్నరా లేదా అని లైన్ల చూస్త సార్. మీ లైన్ల మాటలే లేవు, చెవుల్ల ఈలలే. ఖరాబైందని తీసేస్తున్న," అన్నారామె.

ఆ ఈలలే మా మాటలని చెప్పాను. "గట్లనా? జర ముందుగాల చెప్పొద్దా?" అన్నారు. ఆమె బోర్డు దగ్గర ఉన్నప్పుడు పని సాగేది. డ్యూటీ మారితే కథ మళ్లీ మొదటికొచ్చేది.

గానుగ మంచి ఊపులో ఉన్న రోజుల్లో ఒక పొద్దున కోహీర్ డివిజను పర్మిట్లు అచ్చు కాలేదు. పర్మిట్ లేనిదే చెరకు బండిని గేటు దాటనివ్వరు. నేను ఫోన్ చేస్తే, "మీరు ముట్టుకోకండి, ఇక్కణ్ణుంచి నేను సరిచేస్తాను," అన్నారు రామనాథం గారు. మోడెమ్ కలిపాం. ఆయన పని సగంలో ఉండగా లైన్ తెగింది. ఆయన ఇంకా లోపలే ఉన్నారని యంత్రం అనుకుంది. పర్మిట్ల ఫైలును ఆయన పేరునే బిగించుకుని ఇంకెవరినీ రానివ్వలేదు. అప్పటిదాకా కోహీర్ ఒక్కటే ఆగింది, ఇప్పుడు రాయికోడ్ డివిజను కూడా ఆగిపోయింది. కరెంటు తీసేసి మళ్లీ వేద్దామంటే, ఆ పొద్దుటి తూకాల లెక్క పోయే ప్రమాదముంది.

కోహీర్ రైతు సంగప్ప నా గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"నిన్న కొయ్యమన్నది మీరే, ఇయ్యాల పర్మిట్ లేదంటున్నది మీరే. కోసిన చెరుకు ఎండుతుంటే బరువు తగ్గదా? గా పెట్టె మాట వినకపోతే మేమేం జెయ్యాలె సార్?"

మళ్లీ ట్రంకు కాల్ పట్టుకుని, పాస్‌వర్డ్ చెబితే ఇక్కడి ప్రధాన తెర మీంచి నేనే ఆ ముడి విప్పుతానని చీఫ్‌ను అడిగాను.

"ఫోన్లో ఎలా చెబుతానయ్యా? ఎక్స్ఛేంజిలో వింటారు!"

మధ్యలో నసీమా బేగం గొంతు వినిపించింది. "నేనేం వింటలేను సార్, చెప్పుర్రి."

ఆయన ఠక్కున ఫోన్ పెట్టేశారు. తర్వాత ఆయన బస్సెక్కారని ఆఫీసు నుంచి కబురొచ్చింది.

బస్సు వచ్చేదాకా చెరకును ఎండబెట్టడం నా వల్ల కాలేదు. కర్మాగారంలో చెరకు సరఫరా చూసే కేన్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లి, చేతిరాత పర్మిట్లు ఇద్దాం, అనుమతి లేదని రేపు ఎవరైనా అడిగితే నా పేరు చెప్పండి అన్నాను. ఇద్దరం కూర్చుని రాశాం. సంగప్ప బండి మధ్యాహ్నానికి తూకం మీదికెక్కింది.

సాయంత్రం రామనాథం గారు దుమ్ము కొట్టుకుని లారీ దిగారు. బస్సులో నిద్రపోయి, జహీరాబాద్ దాటి చిరాగ్‌పల్లి దాకా పోయి, అక్కణ్ణుంచి లారీ పట్టుకుని వెనక్కి వచ్చారట. ప్రధాన తెర ముందు కూర్చుని, నీళ్ల గ్లాసు ఖాళీ అయ్యేలోగా ముడి విప్పేశారు. తర్వాత చేతి పర్మిట్ల కోసం నన్ను మందలించారు. నేను కూడా ఊరుకోలేదు. "మీరు బస్సులో ఉన్నంతసేపూ ఈ యంత్రానికి యజమాని ఎవరు సార్?" అని అడిగాను. మర్నాడు ఆయన వెళ్లేముందు పాస్‌వర్డ్ నాకు చెప్పి, నా చేత కొట్టించి చూసి వెళ్లారు.

తర్వాతి ఉద్యోగ జీవితంలో దూరం నుంచి నడిపే యంత్రాలు చాలానే పెట్టాను. లైన్లు బాగుపడ్డాయి, ఆపరేటర్లు పోయారు. అయినా ప్రతిచోటా ముందు తేల్చుకున్న విషయం ఒక్కటే: లైన్ తెగినప్పుడు యంత్రం పక్కనున్న మనిషికి ఏం చేసే అధికారం ఉంది? అది తేలకుండా తీగ కలపలేదు.