లిగాయా ఆంటీ అచ్చువేసిన పేర్లు

సింగపూర్‌లోని పుంగ్గోల్‌లో మా బ్లాక్ కింద కొత్తగా ట్యూషన్ సెంటర్ ఒకటి తెరిచారు. నిన్న సాయంత్రం ట్రైన్ దిగి ఇంటికి వస్తుంటే అక్కడ నిలబడ్డ అమ్మాయి నా చేతిలో ఒక కరపత్రం పెట్టింది. అప్పుడే అచ్చయి వచ్చిన కాగితం, ఇంకు వాసన ఇంకా పోలేదు. ఆ వాసన తగలగానే లిఫ్ట్ ముందు అలాగే నిలబడిపోయాను. లిఫ్ట్ వచ్చి వెళ్ళిపోయింది. తంజోంగ్ పగార్‌లోని ఒక పాత ప్రింటింగ్ షాపు, అందులో కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, తడి ఆరని కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూస్తున్న ఒక పెద్దావిడ నా కళ్ళ ముందు మెదిలారు. ఆవిడ పేరు లిగాయా. ఫిలిప్పీన్స్ మనిషి. వాళ్ళ భాషలో ఆ పేరుకు సంతోషమని అర్థం.

నేను పుట్టింది సింగపూర్ నుంచి వంతెన దాటితే వచ్చే జొహోర్‌లో. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి మలేషియా తోటల్లో పనికి వచ్చినవాళ్ళు. డిజైనింగ్ చదువుకుని సింగపూర్ వచ్చిన నాకు మొదటి ఉద్యోగం ఇచ్చింది లిగాయా ఆంటీయే. పెళ్ళి కార్డులు, హోటళ్ళ మెనూలు, ఓడల్లో వాడే పుస్తకాలు అచ్చువేసే చిన్న షాపు అది. చేరిన రోజే ఒక పెళ్ళి కార్డు తయారుచేసి చూపిస్తే, అందులోని ప్రతి పేరూ నా చేత పైకి చదివించారు. "పేరు తప్పుపడితే ఆ మనిషికి ఈ కాగితంలో చోటు లేనట్టే" అన్నారు. ప్రింటర్లకు ఉండే చాదస్తం కాబోలనుకున్నాను. ఆవిడ కుడిచేతి వేళ్ళు రెండు లోపలికి వంగిపోయి ఉండేవి. కీళ్ళవాతం అనుకుని, మా అమ్మ కాచిన నూనె ఒక సీసా తెచ్చి ఇచ్చాను. నవ్వి తీసుకున్నారు. అది అయిపోయాక మళ్ళీ అడిగి మరీ తెప్పించుకున్నారు.

ఆవిడ ఎవరో నాకు తెలిసింది వాళ్ళ దేశానికే చెందిన ఒక ముసలి నావికుడి వల్ల. ఒకరోజు మధ్యాహ్నం షాపులోకి వచ్చి, ఆవిడను చూడగానే టోపీ తీసి, చేతులు పట్టుకుని ఏడ్చేశాడు. ఆంటీ ఆయనను కూర్చోబెట్టి, తనే కాఫీ తేవడానికి పక్కనే తిండి కొట్లన్నీ ఉండే హాకర్ సెంటర్‌కు వెళ్ళారు. ఆవిడ వెళ్ళాక ఆయన నా వైపు తిరిగి, "మీ మేడమ్ ఎవరో నీకు తెలుసా?" అని అడిగాడు. తెలియదన్నాను. ఆయనే చెప్పుకొచ్చాడు.

వాళ్ళ దేశంలో సైనిక చట్టం నడిచిన రోజుల్లో ఆవిడ మనీలాలో కాలేజీ విద్యార్థిని. పత్రికలన్నీ మూయించేశారు. ఆవిడా, భర్తా, కొందరు స్నేహితులూ కలిసి రహస్యంగా చిన్న పత్రిక ఒకటి అచ్చువేసేవారు. సైనికులు ఎవరెవరిని పట్టుకెళ్ళారో పేర్లతో సహా అందులో వేసేవారు. పేరు బయటపడితే మనిషిని మాయం చేయడం అంత సులువు కాదని వాళ్ళ ఆశ. చివరికి వాళ్ళే దొరికిపోయారు. భర్త మళ్ళీ కనిపించలేదు. ఆవిడ జైలు నుంచి బయటపడి, బంధువుల సాయంతో సింగపూర్ చేరి ఈ షాపులో పనికి కుదిరారు; కొన్నేళ్ళకు షాపు ఆవిడ చేతికే వచ్చింది. ఇక్కడా ఊరుకోలేదు. చేతిలో ఇమిడేంత కాగితాల మీద వార్తలు అచ్చువేసి, రేవుకు వచ్చే ఓడల మీది తమ దేశస్థులకు ఇచ్చేవారు. వాళ్ళు చొక్కాల లోపల దాచుకుని మనీలా చేర్చేవారు.

"దొరికితే మా గతి అంతే. అయినా తీసుకెళ్ళేవాణ్ణి. మా తమ్ముడు ఏ జైల్లో ఉన్నాడో మా అమ్మకు తెలిసింది ఆ కాగితం వల్లే. బతికే ఉన్నాడని తెలిసింది కూడా అందులోనే" అన్నాడాయన.

ఆయన వెళ్ళిపోయాక ఎలా అడగాలో తెలియక ఆవిడ వేళ్ళ వైపే చూస్తూ ఉండిపోయాను. ఆవిడే చెప్పారు. "అదా? ఇంకెవరు అచ్చువేస్తున్నారో చెప్పమని జైల్లో అడిగారు. చెప్పలేదు." వెంటనే నవ్వి, "మీ అమ్మ నూనె మాత్రం నిజంగానే పనిచేస్తోంది లా!" అన్నారు, ఇక్కడివాళ్ళలాగే మాట చివర 'లా' తగిలించి. ఇన్నాళ్ళూ నేను మెనూ కార్డులకు రంగులు ఎంచుతూ కూర్చున్నది ఎలాంటి మనిషి పక్కనో అప్పుడు తెలిసింది.

ఆ ఆదివారం ఫోన్‌లో అమ్మకు చెబితే కంగారుపడింది. "ఓలమ్మా, రాజకీయాల మనిషి కాడ పనేటే నీకు? పర్మిట్ గానీ పోతే యేటి చేస్తావు?" అంది. మళ్ళీ తనే, "ఆ యేళ్ళు ఇంకా నొప్పెడతన్నాయా ఆవిడికి? ఇంకో సీసా కాసి పంపుతానుండు" అంది.

తర్వాత చాలా ఏళ్ళకు వాళ్ళ దేశంలో ఎన్నికలు వచ్చాయి. ఈసారి సైనిక చట్టం పెట్టిన ఆ పాత పాలకుడి వారసులే పోటీలో ముందున్నారు. ఆనాటి రోజులన్నీ స్వర్ణయుగమని పొగిడే వీడియోలు అందరి ఫోన్లలోనూ తిరుగుతున్నాయి. ఒకరోజు ఆర్నెల్ అనే వాళ్ళ దేశపు కుర్ర నర్సు, సరిగ్గా 'స్వర్ణయుగం' అనే మాటే అట్ట మీద పెట్టిన పుస్తకాన్ని అచ్చు వేయించుకోవడానికి మా షాపుకే వచ్చాడు. ఆంటీ కేకలేస్తారనుకున్నాను. ఆవిడ కుర్చీ లాగి అతణ్ణి కూర్చోమన్నారు.

"ఇది నీకెవరు చెప్పారు నాయనా?"

"మా అమ్మ, ఆంటీ. అప్పుడు రోడ్లు శుభ్రంగా ఉండేవట, దొంగల భయం లేదట."

"మీ అమ్మ అబద్ధం చెప్పలేదు. తను చూసింది చెప్పింది. నేను చూసింది కూడా వింటావా?"

ఆ రోజు మిషన్లు ఆపేశాం. ఆవిడ గొంతు పెంచలేదు. భర్తను తీసుకెళ్ళిన ఉదయం తాను పొయ్యి మీద ఏం వండుతున్నారో కూడా చెప్పారు. అతను తల వంచుకుని విన్నాడు, మధ్యలో కోపంగా ఎదురు ప్రశ్నలు వేశాడు, మళ్ళీ విన్నాడు. పుస్తకం మాత్రం వేయనని ఆవిడ తేల్చి చెప్పారు. అతను తన కాగితాలు తీసుకుని వెళ్ళిపోయాడు. ఇక రాడనుకున్నాను. ఓటు వేసే రోజున వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, "ఆంటీ, ఎంబసీ దగ్గర క్యూ చాలా పెద్దదట. మీరు అంతసేపు నిలబడలేరు, నేను తోడొస్తాను" అన్నాడు. ఎవరికి ఓటు వేశావని ఆవిడ అతణ్ణి ఎన్నడూ అడగలేదు.

ఆవిడ పక్షం ఓడిపోయింది. మర్నాడు ఆవిడ రారనుకుంటూ షాపుకు వెళ్ళాను. నాకంటే ముందే వచ్చి మిషన్ తుడుస్తున్నారు. "కోపం రావడం లేదా ఆంటీ? ఇంత చేసి, ఇన్ని పోగొట్టుకుని..." అంటుంటే నాకే ఏడుపొచ్చింది. ఆవిడ గుడ్డ పక్కన పెట్టి, "నీ వయసులో నాకు ఓడిపోవడానికి ఓటు కూడా లేదమ్మా. దెబ్బలు తిన్నాం, పోరాడాం. పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పడం మాత్రం మరిచాం. ఆ పని మిగిలిపోయింది" అన్నారు.

ఆ ఏడాదే షాపు అప్పగించేసి సొంత దేశానికి వెళ్ళిపోయారు. ఆ వయసులో, ఆ ఆరోగ్యంతో, అదీ అలాంటి సమయంలో వద్దని అందరం చెప్పాం. వినలేదు. బడులకూ చర్చి హాళ్ళకూ తిరిగి, పిల్లల మధ్య కూర్చుని చెప్పేవారట. పోయినేడు ఆర్నెల్ ఫోన్ చేసి ఆవిడ కన్నుమూశారని చెప్పాడు. అంతకు కొద్దిరోజుల ముందు కూడా ఒక ఊరి బడికి వెళ్ళొచ్చారట.

నా చేతిలో ఉన్నది మలేషియా పాస్‌పోర్టు. ఒకప్పుడు ఓటు కోసం వంతెన దాటి వెళ్ళడం దండగ అనుకునేదాన్ని. ఇప్పుడు జొహోర్‌లో ఎన్నిక వస్తే సెలవు పెట్టి బస్సెక్కుతాను. మొన్నటిసారి మా అమ్మాయిని కూడా తీసుకెళ్ళాను. బడి ఆవరణలో ఎండ మాడుస్తోంది, క్యూ కదలడం లేదు. "మమ్మీ, సో లాంగ్ లా! ఎందుకొచ్చాం?" అని విసుక్కుంది. గొడుగు దాని వైపు వంచి, ఒకావిడ గురించి చెప్పడం మొదలుపెట్టాను. ముసలి నావికుడి దాకా వచ్చేసరికి దాని గొణుగుడు ఆగిపోయింది. ఆర్నెల్ దగ్గరికి వచ్చేసరికి మేం గుమ్మం చేరాం, లోపలికి రమ్మని నా పేరు పిలిచారు. మా అమ్మాయి నా చెయ్యి వదలలేదు.

"వెయిట్ లా, మమ్మీ. వెనకాల అంకుల్‌ని ముందు వెళ్ళమను. తర్వాత ఏమైందో చెప్పు."