ఫ్రమ్ వరుసలో చిట్టక్క

2002లో బందరులో మాకు ఎస్టీడీ బూతు ఉండేది. అందులోనే ఒక కంప్యూటరు పెట్టి, వచ్చినవాళ్ళ ఈమెయిళ్ళు పంపేదాన్ని. నేను చదివింది ఐదో తరగతే అయినా, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాటలు కొట్టడం పట్టుబడింది. మనిషికో ఐడీ తెరిస్తే పాస్‌వర్డులు మరిచిపోయి నా ప్రాణం తీస్తారని, అందరికీ కలిపి షాపు ఐడీ ఒక్కటే ఉంచాను. పక్కింటి ఫోనును పీపీ నంబరుగా ఇచ్చుకోవడం అలవాటైన ఊరు కనక ఎవరూ కాదనలేదు.

సలోమి చిలకలపూడిలో రోల్డుగోల్డు గాజులకు మెరుగు పెట్టేది. ఆమె చెల్లెలు గ్రేసు ఇష్టపడినవాణ్ణి పెళ్ళాడి ఢిల్లీ వెళ్ళి నర్సుగా చేరింది. మళ్ళీ గడప తొక్కొద్దన్న తండ్రి పోయాడు. ఇప్పుడు తల్లి మంచాన పడి, చిన్నదాన్ని ఒక్కసారి చూపించమంటోంది. తెలిసినవాళ్ళ ద్వారా దొరికింది గ్రేసు ఈమెయిలు అడ్రసు ఒక్కటే.

సలోమి నా చేత పంపించినవాటికి జవాబు లేదు. చివరికి ఇంగ్లీషులో ఒక్క ముక్క వచ్చింది, ఇలాంటివి ఇక పంపకండి అని.

సలోమి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మమ్మల్ని వద్దనుకుంది మామ్మగారూ."

"ఏడుపాపవే. చదివితే కదా వద్దనుకోడానికి! అమ్మకు బాగాలేదంటే ఇంత పొడిగా రాస్తుందా?"

మెయిలు పైభాగంలో ఫ్రమ్ అనే వరుస ఉంటుంది. అందులో పంపినవాళ్ళ పేరు, అడ్రసు ఉంటాయి. అడ్రసు మారదు. పేరు మనం ఏది రాస్తే అది. మా సాఫ్ట్‌వేరులో రెండూ కనిపించేవి. ఇంకో ఐడీ తెరిచి, దానికి మా మెయిలు పంపి చూశాను. అక్కడ మెయిలు తెరవకముందు పేరు మాత్రమే కనిపించింది. అదీ మా షాపు బోర్డు మీద ఉన్నట్టే, ఎస్టీడీ, ఐఎస్డీ, జిరాక్సు అన్న తోకతో సహా. ప్రకటన అనుకోక ఏమనుకుంటుంది?

"నీ పేరు పెడతాను. ఏం పెట్టమంటావు?"

"రేషన్ కార్డులో ఉన్నట్టు పెట్టండి, ఇంటిపేరుతో."

"అది చెల్లెలా, రేషన్ డీలరా? నిన్నేమని పిలిచేది?"

ఆ పిలుపు సలోమి నోటికి వచ్చి చాలా ఏళ్ళయినట్టుంది.

"చిట్టక్కా అని."

అదే పెట్టి పంపాను.

మర్నాడు జవాబు రాలేదు. ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చి సలోమి కుర్చీలో కూర్చునేసరికి వచ్చి ఉంది.

"చిట్టక్కా, నువ్వేనా? అమ్మతో చెప్పు, బయల్దేరుతున్నాను."

సలోమి తెర మీద ఆ పేరును వేలితో తడిమింది. "మరకలు పడతాయే," అన్నాను గానీ, చెయ్యి తియ్యమనలేదు.

అడ్రసు మెయిలును ఇంటిదాకా చేరుస్తుంది. తలుపు తీయించేది పేరేనని ఆ అక్కచెల్లెళ్ళ వల్ల తెలిసింది. ఆ సాయంత్రం షాపు పేరు తిరిగి పెట్టబోతూ, మా అమ్మ నన్ను పిలిచే పేరు కొట్టి చూశాను. బుజ్జులు. ఆ పేరు చూసి తెరిచేవాళ్ళు ఎక్కడా మిగల్లేదు. కాసేపు అలాగే ఉంచి, చెరిపి, షాపు పేరు పెట్టాను. జిరాక్సు తోక మాత్రం మళ్ళీ తగిలించలేదు.