ముందు తడిసిన పిల్ల, తర్వాత వాన

నలభై రెండేళ్ల వయసులో నాకు అక్షరాలు నేర్పింది మా అమ్మాయి రూతు. 2006లో పినపాక దగ్గర ఉండేవాళ్లం. జపాన్ భాష వస్తే హైదరాబాద్‌లో ఉద్యోగం దొరుకుతుందని, రూతు అట్ట ఊడిపోయిన జపాన్ బొమ్మల కథల పుస్తకం ఒకటి కొనుక్కొచ్చి, డిక్షనరీ పక్కన పెట్టుకుని మాటలు నేర్చుకునేది.

నెల తిరగకుండానే ఆ పుస్తకాన్ని మూలకు విసిరింది.

"మాటలకు అర్థం దొరుకుతుంది గానీ కథ కుదుర్తలేదమ్మా. ఇగ నాతోని కాదు."

నేను పుస్తకం తీసి బొమ్మలు చూశాను.

"ఏందే, గీ పిల్ల ముందే తడిసింది, తర్వాత వాన మొదలైంది?"

"నీకేం తెలుసమ్మా? మొన్ననే కదా అఆలు నేర్చినవ్!"

"అంతకుముందు బొమ్మలే కదనే నేను చదివింది! కుడి దిక్కు నుంచి చూడు. మబ్బు, వాన, తడిసిన పిల్ల."

రూతు కుడివైపు నుంచి చదివింది. పేజీ తిప్పి, ఇంకో పేజీ తిప్పి, "అవ్ అమ్మా! చివరి పేజీ అనుకున్నదే మొదటిది!" అని నన్ను వాటేసుకుంది.

ఆ రోజు నా నోటుబుక్కులో వానకు జపాన్ మాట రాసిచ్చింది. పదిసార్లు దిద్దాను. తర్వాత ఆమెకు ఉద్యోగం వచ్చింది. జపాన్ పుస్తకం చదవడం ఎవరు నేర్పారని అడిగితే, ఇప్పటికీ "మా అమ్మే" అంటుంది.